తల్లి పేరున్న కాగితం, బిడ్డ పేరున్న కాగితం

అమెరికా తూర్పు తీరంలోని నార్త్ కెరొలైనా రాష్ట్రానికి రాలీ రాజధాని. అక్కడి స్టేట్ ఆర్కైవ్స్‌లో బ్రిటిష్ వలస పాలన నాటి కౌంటీ కోర్టుల కాగితాలను ముందు కౌంటీల వారీగా, ఆ పైన రకాల వారీగా పెట్టెల్లో సర్ది ఉంచారు. వాటిలో పెళ్లి బాండ్లు ఒక వరస. పెళ్లి కాని స్త్రీకి పుట్టిన బిడ్డ పోషణకు మగవాడి చేత రాయించుకున్న పూచీకత్తులు ఇంకో వరస. వీటిని బాస్టర్డీ బాండ్లంటారు. ఆనాటి చట్టం ఏ సంకోచమూ లేకుండా వాడిన కటువైన మాటనే ఆర్కైవ్స్ అలాగే ఉంచింది. తండ్రి లేని పిల్లలను, పేద పిల్లలను పని నేర్చుకునే పేరుతో ఒక యజమానికి అప్పగించిన ఒప్పందాలు మూడో వరస, అప్రెంటిస్ బాండ్లు.

రెండో వరసనూ మూడో వరసనూ కలిపి చదివేవాళ్లు తక్కువ. వంశవృక్షం గీసుకునేవాళ్లు తండ్రి పేరు కోసం బాస్టర్డీ బాండ్ల పెట్టె తెరుస్తారు. చేతివృత్తుల చరిత్ర రాసేవాళ్లు అప్రెంటిస్ బాండ్ల పెట్టె తెరుస్తారు. ఎవరికి కావలసింది వాళ్లు తీసుకుని వెళ్లిపోతారు. కాని ఈ రెండూ ఒకే కోర్టులో, ఒకే గుమస్తా చేతి మీదుగా, ఒకే భయంతో పుట్టిన కాగితాలు. మొదటిదాంట్లో తల్లి పేరు ఉంటుంది. బిడ్డ సాధారణంగా పేరు లేని బిడ్డగానే ఉండిపోతుంది. రెండోదాంట్లో బిడ్డకు పేరుంటుంది, వయసుంటుంది, నేర్చుకోవలసిన పని ఉంటుంది. తల్లి మాత్రం చాలాసార్లు కనిపించదు. కొద్ది ఏళ్ల తేడాతో ఒకే కుటుంబం గురించి ఒకే కోర్టు రెండుసార్లు రాసినప్పుడు కూడా ఆ ఇద్దరూ ఒక కాగితం మీదికి చేరిన సందర్భాలు తక్కువే. ఈ కాగితాల్లో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఆ ఎడబాటే. రాలీ పక్కనే ఉన్న క్యారీ, మోరిస్‌విల్ ఊళ్లలో ఈనాడు వేల తెలుగు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. వాళ్ల పిల్లలు బడిలో ఆ రాష్ట్ర చరిత్ర చదువుకుంటున్నారు. పాఠ్యపుస్తకంలో గవర్నర్లు, యుద్ధాలు ఉంటాయి. ఈ కాగితాల్లో ఉన్నది ఊరి సంసారం.

ముందు ఆ కోర్టు సంగతి. 1739 దాకా ప్రిసింక్టులనే పేరుతో ఉన్న విభాగాలే ఆ తరువాత కౌంటీలయ్యాయి. కౌంటీకో కోర్టు ఉండేది. దాని పూర్తి పేరు కోర్ట్ ఆఫ్ ప్లీస్ అండ్ క్వార్టర్ సెషన్స్. మూడు నెలలకోసారి కూర్చునేది. జస్టిస్ ఆఫ్ ది పీస్ హోదాతో తీర్పు చెప్పేవాళ్లు చాలామటుకు న్యాయశాస్త్రం చదివినవాళ్లు కారు, ఆ చుట్టుపక్కల భూములూ పలుకుబడీ ఉన్న పెద్దలు. అప్పుల దావా, వీలునామా, రోడ్డు మరమ్మతు, పడవ రేవు, సత్రం లైసెన్సు, అనాథ బిడ్డ, అన్నీ ఆ బల్ల ముందుకే వచ్చేవి. ఈడెంటన్ పట్టణంలో 1767లో కట్టిన చోవాన్ కౌంటీ కోర్టు భవనం ఇప్పటికీ నిలిచి ఉంది. పొడవాటి కిటికీల ఆ ఇటుక భవనాన్ని చూసినవాళ్లకు ఇంత చిన్న జనాభాకు అంత హుందా అయిన కోర్టు ఎందుకో అనిపించవచ్చు. ఆ కౌంటీలో బతికే ప్రతి మనిషీ ఏదో ఒక పని మీద దాని గడప తొక్కవలసిందే.

పేదల పోషణ భారం మాత్రం కోర్టుది కాదు, పారిష్‌ది. ఆంగ్లికన్ చర్చి పరిధిలోని ఊళ్ల సముదాయమే పారిష్. వెస్ట్రీ అనే పెద్దల సంఘం జనం మీద పన్ను వేసి, చర్చి వార్డెన్ల ద్వారా ముసలివాళ్లకూ రోగులకూ దిక్కులేని పిల్లలకూ ఖర్చు పెట్టేది. తండ్రి ఎవరో తేలని బిడ్డ పుట్టిందంటే పారిష్ పన్ను కట్టేవాళ్లందరి మీదా కొంత భారం పడుతుంది. న్యాయమూర్తులు కూడా ఆ పన్ను కట్టేవాళ్లే. ఈ రెండు రకాల బాండ్ల వెనకా ఉన్న భయం ఇదే. నీతి గురించిన మాటలు చట్టంలో చాలా ఉన్నాయి. బాండులోకి వచ్చేసరికి నీతి సన్నగిల్లి, లెక్క మిగులుతుంది.

బాండు రాసే తీరును కూడా గమనించాలి. అందులో రెండు భాగాలుంటాయి. పై భాగంలో ఫలానావాడూ అతని జామీనుదార్లూ ఇంత సొమ్ము బాకీ ఉన్నామని ఒప్పుకుంటారు. వలస కాలంలో ఆ ఒప్పుదల చాలాసార్లు రాజు పేరనే సాగేది. కింది భాగంలో షరతు ఉంటుంది. అది నెరవేరితే పైన ఒప్పుకున్న బాకీ చెల్లదు, తప్పితే మొత్తం కట్టాలి. అంటే లేని అప్పును ముందే ఒప్పుకుని, అది ఎన్నటికీ నిజం కాకుండా నడుచుకుంటామని మాట ఇవ్వడం. అందుకే బాండులోని పెద్ద మొత్తాన్ని బిడ్డ పోషణకు ఇచ్చిన సొమ్ముగా చదివితే తప్పుదోవ పడతాం. అది బెదిరింపు కోసం వేసిన అంకె. నెలకో ఏడాదికో ఎంత ఇవ్వాలన్నది కోర్టు వేరే ఉత్తర్వులో చెబుతుంది. ఆ అంకెలు కూడా స్టెర్లింగ్‌లో ఉండవు, ప్రోక్లమేషన్ మనీలో ఉంటాయి. ఆ లెక్కలో 133 పౌన్ల 6 షిల్లింగుల 8 పెన్నీలు కలిస్తే 100 పౌన్ల స్టెర్లింగ్.

పెళ్లి బాండును ఇక్కడ తలుచుకోక తప్పదు, ఎక్కువసేపు దాని దగ్గర ఆగనవసరమూ లేదు. 1741 నాటి చట్టం ప్రకారం పెళ్లికి రెండు దారులు. చర్చిలో ముందుగా చాటింపు వేయించడం ఒకటి, లైసెన్సు తీసుకోవడం రెండోది. లైసెన్సు కావాలంటే ఈ పెళ్లికి చట్టరీత్యా అడ్డేమీ లేదని వరుడు జామీనుదారుతో కలిసి బాండు రాసివ్వాలి. 1741 నుంచి 1868 దాకా అలా రాసిన లక్షా డెబ్బై వేల దాకా బాండ్లకు ఆర్కైవ్స్‌లో సూచిక ఉంది. వధువు పేరు ఉంటుంది, ఆమె సంతకం ఉండదు. తరువాత పెళ్లి జరిగిందో లేదో కూడా ఆ కాగితం చెప్పదు. పెళ్లి బాండులోనూ చాలావరకు బాస్టర్డీ బాండులోనూ స్త్రీ చోటు ఒక్కటే, కింది భాగంలోని షరతులో. పై భాగంలో సంతకాలు చేసేది మగవాళ్లు. ఒకదాన్ని శుభలేఖలా మురిపెంగా, రెండోదాన్ని అపకీర్తి పత్రంలా చూసేవాళ్లు ఆ రెండు కాగితాలూ ఒకే అచ్చులో పోసినవని గమనించరు.

ఇక బాస్టర్డీ బాండు. ఈ పద్ధతి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ పారిష్ మీద పడకుండా తల్లిదండ్రుల చేతనే ఖర్చు కట్టించే అధికారాన్ని ఇద్దరు న్యాయాధికారులకు ఇచ్చిన 1576 నాటి చట్టం అది. నార్త్ కెరొలైనా 1741లో దాన్ని తనదైన రూపంలో చట్టం చేసుకుంది. పెళ్లి కాని స్త్రీ గర్భవతి అని గాని ప్రసవించిందని గాని తెలిస్తే ఇద్దరు జస్టిస్‌లు ఆమెను పిలిపించి, ప్రమాణం చేయించి, తండ్రి ఎవరని అడగాలి. ఆమె పేరు చెబితే ఆ మగవాడు తండ్రిగా పేరుపడినవాడవుతాడు. కోర్టు చెప్పినట్టు పోషణ ఖర్చు భరిస్తానని, పారిష్‌కు నష్టం రానివ్వనని అతడు జామీనుదార్లతో బాండు రాయాలి. ఆమె చెప్పనంటే జరిమానా కట్టాలి, బిడ్డ పారిష్ మీద పడదని తానే పూచీ చూపాలి. చూపలేకపోతే జైలు.

ఈ చట్టంలో ఒక విచిత్రం ఉంది. జ్యూరీలో కూర్చునే హక్కు లేని స్త్రీ, పెళ్లయితే తన పేర ఆస్తి నిలుపుకునే హక్కు కూడా లేని స్త్రీ, ఈ ఒక్క విషయంలో ప్రమాణం చేసి మాట చెబితే చాలు, ఒక మగవాడి మీద బాధ్యత పడుతుంది. తాను తండ్రిని కానని ఆ మగవాడు జ్యూరీ ముందు వాదించుకునే అవకాశం 1814 చట్టంతో గాని రాలేదు. దీన్ని స్త్రీకి దక్కిన గౌరవంగా చదవాలనే ఆశ నాకూ కలుగుతుంది. కాని కాగితం ఆ ఆశను నిలవనివ్వదు. ఆమె మాటకు అంత బరువు వచ్చింది అది పన్ను మిగిల్చినందువల్ల. నొప్పులు పడుతున్న స్త్రీని కూడా మంత్రసాని తండ్రి ఎవరని అడగడం ఇంగ్లండ్ నుంచి ఈ వలసల దాకా వచ్చిన ఆచారం. ఆ క్షణంలో అబద్ధం చెప్పరని నమ్మకం. ఆ నమ్మకం వెనక ఉన్న క్రూరత్వం గురించి కాగితం ఏమీ అనదు.

నా దృష్టిలో ఈ పెట్టెల్లో అన్నిటికన్నా నిండైన కాగితాలు పేరు చెప్పని స్త్రీలవి. తండ్రిని చెప్పిన స్త్రీ షరతులోనే ఉండిపోతుంది, మగవాడు పై భాగంలోకి వస్తాడు. చెప్పని స్త్రీ తానే పూచీ ఇవ్వాలి గనుక ఆమె పేరు పై భాగంలోకి వస్తుంది. చదువు రాకపోతే సంతకం చోట ఒక గుర్తు వేస్తుంది. మౌనంగా ఉన్నందువల్లే ఆమె ఆ కాగితంలో ఒక పక్షం అయింది. ఇలాంటి బాండు దొరికితే ఈనాటి వంశపరిశోధకులు జామీనుగా నిలబడిన మగవాణ్ణే అసలు తండ్రిగా అనుమానిస్తారు. అది అన్ని చోట్లా నిజం కాదు. జామీనుదారు ఆమె తండ్రి కావచ్చు, అన్న కావచ్చు, బావ కావచ్చు, జాలిపడ్డ పొరుగువాడు కావచ్చు. ఆమె ప్రమాణానికి కూడా లొంగక దాచుకున్న పేరును మనం రెండున్నర శతాబ్దాల తరువాత ఊహతో పూరించడం నాకు న్యాయంగా తోచదు. ఎందుకు చెప్పలేదో కాగితంలో లేదు. భయమూ కావచ్చు, ప్రేమా కావచ్చు, ముందే ముట్టిన సొమ్మూ కావచ్చు. జరిమానాకూ జైలుకూ సిద్ధపడి చెప్పలేదు అన్నంతవరకే మనకు రుజువుంది.

బాస్టర్డీ బాండులో అసలు లేనిది బిడ్డే. ఆడో మగో ఒక్కోసారి తెలుస్తుంది, పేరు చాలావాటిలో ఉండదు. బాండు రాసేనాటికి కొన్నిసార్లు బిడ్డ పుట్టనేలేదు. ఆ కాగితానికి బిడ్డంటే రాబోయే ఖర్చు మాత్రమే.

ఆ బిడ్డ పెరిగి పదేళ్లదో పన్నెండేళ్లదో అయ్యాక మళ్లీ అదే బల్ల ముందు ప్రస్తావనకు వచ్చే అవకాశం చాలా ఉంది. ఇక్కడ 1762 నాటి అనాథల చట్టం వస్తుంది. ఆ చట్టంలో అనాథ అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ లేని బిడ్డ కాదు. తండ్రి లేకపోతే చాలు, తల్లి ఇంట్లో బతికే ఉన్నా కోర్టు లెక్కలో ఆ బిడ్డ అనాథే. తండ్రి వదిలిన ఆస్తి బిడ్డను పెంచడానికి చాలకపోతే కోర్టు ఆ బిడ్డను ఒక యజమానికి కట్టబెట్టవచ్చు. మగపిల్లలు 21 ఏళ్ల దాకా, ఆడపిల్లలు 18 ఏళ్ల దాకా. పెళ్లి కాకుండా పుట్టిన, బానిసలు కాని పిల్లలందరినీ కూడా అలాగే కట్టబెట్టవచ్చని చట్టం ప్రత్యేకంగా చెప్పింది. అలాంటి బిడ్డ ఆడపిల్ల అయి, నల్లజాతి రక్తమో ఇండియన్ (అమెరికా ఆదివాసీ) రక్తమో కలిసినదైతే ఆమెకు 18 కాదు, 21. ఒళ్లు రంగు ఒక ఆడపిల్ల జీవితంలో మూడేళ్ల చాకిరీని ఎలా పెంచిందో చట్టం ఒక్క వాక్యంలో తేల్చేసింది.

అప్రెంటిస్ బాండులో కోర్టు తరఫున న్యాయమూర్తులు ఒక పక్షం, యజమాని రెండో పక్షం. బిడ్డ సంతకం లేదు, తల్లి సంతకం లేదు. యజమాని ఇచ్చే మాటలు మాత్రం ఒక్కొక్కటీ రాసి ఉంటాయి. తగిన తిండి, బట్ట, పడక ఇస్తాను. ఫలానా పని నేర్పిస్తాను. చదవడం, రాయడం నేర్పిస్తాను. గడువు తీరాక ఆనవాయితీ ప్రకారం ఇవ్వవలసింది ఇచ్చి పంపిస్తాను. మగపిల్లలకు రాసే పనుల్లో పీపాలు చేసే పని ఒకటి. నార్త్ కెరొలైనా ఆ రోజుల్లో ఓడలకు కావలసిన తారు, కీలు, టర్పెంటైన్‌ల పెద్ద ఉత్పత్తి స్థలం. పొడవాటి ఆకుల పైన్ చెట్ల నుంచి తీసిన ఆ సరుకు పీపాల్లోనే ఓడలకెక్కేది. కమ్మరం, చెప్పులు కుట్టడం, వడ్రంగం కూడా కనిపిస్తాయి. ఆడపిల్లలకు చాలావరకు నూలు వడకడం, నేత, ఇంటిపని. ఆ జాబితా చదువుతుంటే వలస ఆర్థిక వ్యవస్థ నడవడానికి ఏ చేతులు కావాలో అర్థమవుతుంది. పుట్టినప్పుడు ఖర్చుగా లెక్కకెక్కిన బిడ్డ పదేళ్లు నిండేసరికి రెండు చేతులుగా లెక్కకెక్కుతుంది.

ఈ రెండు కాగితాల్లో ఏది దయగలది అని అడిగితే చాలామంది అప్రెంటిస్ బాండునే చూపిస్తారు. అందులో తిండి ఉంది, బట్ట ఉంది, చదువు ఉంది. బడి అనేదే అరుదైన దేశంలో, కోర్టు ఒక పేద బిడ్డకు చదవడం, రాయడం నేర్పి తీరాలని యజమానిని కట్టడి చేయడం చిన్న విషయం కాదు. ఆ వాక్యం చదివినప్పుడల్లా నాకు ఆ గుమస్తా మీద ఒక అభిమానం కలుగుతుంది. బాస్టర్డీ బాండులో అలాంటి వాక్యం ఒక్కటీ ఉండదు. అందులో బిడ్డ ఏం తింటుందన్న ప్రశ్న కూడా పారిష్ ఖర్చు అన్న మాట వెనకే ఉంటుంది.

అయినా నాకు మాత్రం బాస్టర్డీ బాండే నిజాయితీ గల కాగితంగా కనిపిస్తుంది. తన ఆందోళన డబ్బు గురించేనని అది దాచుకోదు. తల్లి దగ్గర నుంచి బిడ్డను అది వేరు చేయదు కూడా. బిడ్డ తల్లి దగ్గరే పెరుగుతుందని, తండ్రి ఖర్చు భరిస్తాడని దాని మామూలు ఏర్పాటు. అప్రెంటిస్ బాండు భాష మెత్తనిది, అది చేసే పని కఠినమైనది. బతికున్న తల్లిని అడగకుండానే ఆమె బిడ్డను పదేళ్లకు పైగా మరొకరి ఇంటికి ఇచ్చివేయగలదు. ఒక కాగితం తల్లిని నిలదీసింది. రెండోది ఆమె ఉన్నదన్న సంగతినే లెక్కలోకి తీసుకోలేదు. నిలదీసిన కాగితంలో కనీసం ఆమె పేరుంది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. యజమాని కొడుతున్నాడనో పని నేర్పడం లేదనో ఫిర్యాదు వస్తే కోర్టు ఆ బిడ్డను వేరే చోటికి మార్చగలిగేది. దిక్కులేని పిల్లల, సరైన పెంపకం లేని పిల్లల పేర్లు ఏటా గ్రాండ్ జ్యూరీ కోర్టుకు చెప్పాలని కూడా 1762 చట్టం ఏర్పాటు చేసింది. అలాంటి ఫిర్యాదులు బాండ్ల పెట్టెలో దొరకవు, కోర్టు మినిట్స్‌లో దొరుకుతాయి. చదువు నేర్పిస్తానన్న మాట నిలబడిందో లేదో చెప్పే కాగితం అయితే ఏ పెట్టెలోనూ సులువుగా దొరకదు. 1838లో మాత్రం చట్టమే ఆ మాటను కొందరికి తీసేసింది. స్వేచ్ఛగా ఉన్న నల్లజాతి పిల్లలకు చదువు చెప్పించనవసరం లేదంది.

రెండు పెట్టెల్లోనూ అసలే లేనివాళ్లు బానిసలు. 1662లో వర్జీనియా చేసిన చట్టం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని బట్టి ఉంటుంది. తల్లి బానిస అయితే బిడ్డ బానిస. నార్త్ కెరొలైనాలోనూ అదే అమలైంది. బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ పారిష్ మీద పడే ప్రశ్న లేదు. ఆ బిడ్డ యజమానికి ఖర్చు కాదు, ఆస్తి. తండ్రి ఎవరని ఇద్దరు జస్టిస్‌లు ఆమెను పిలిచి అడగలేదు. తండ్రి ఆ యజమానే అయిన చోట అడగకపోవడమే అందరికీ సౌకర్యం. ఆమె పేర పెళ్లి బాండూ లేదు, ఎందుకంటే ఆమె పెళ్లిని చట్టం ఒప్పుకోలేదు. ఈ పెట్టెల్లో దొరికినవే ఆనాటి సమాజం అనుకుని చదివేవాళ్లకు జనాభాలో ఒక పెద్ద భాగం మాయమైపోతుంది. వాళ్ల పిల్లల పేర్లు కావాలంటే వీలునామాలు, ఆస్తి జాబితాలు వెతకాలి. అక్కడ పిల్లల పేర్ల పక్కనే పశువులు, మంచాలు ఉంటాయి.

బానిసత్వానికీ స్వేచ్ఛకూ మధ్య ఇరుక్కున్నవాళ్ల కథ ఇంకా చేదైనది. ఒప్పందం మీద పనికి వచ్చిన తెల్లజాతి పనిమనిషికి గడువులో ఉండగా బిడ్డ పుడితే ఆమె చాకిరీ ఇంకో ఏడాది పెరిగేది. బిడ్డ తండ్రి నల్లవాడో ఇండియనో అయితే 1741 చట్టం ప్రకారం గడువు తీరాక ఆమెను చర్చి వార్డెన్లు మరో రెండేళ్లకు అమ్మేవాళ్లు. బిడ్డకు 31 ఏళ్ల దాకా కట్టుబాటు. అంటే ఆనాటి ఆయుర్దాయంలో సగానికి పైగా జీవితం. తల్లికి శిక్ష రెండేళ్లు, ఏ తప్పూ చేయని బిడ్డకు ముప్పై ఒక్క ఏళ్లు. ఇక్కడ ఆ రెండు కాగితాల తర్కం కలిసిపోతుంది. పుట్టుకకు జరిమానా, ఆ జరిమానాను బిడ్డే చేతులతో కట్టడం.

ఈ పద్ధతి లోపలి నుంచి వచ్చి దేశమంతటికీ తెలిసిన పేరు ఒకటుంది. ఆండ్రూ జాన్సన్. స్వాతంత్ర్యం వచ్చాక రాలీలోనే, 1808లో పుట్టాడు. 1812లో తండ్రి చనిపోయాడు. తల్లి బతికే ఉంది, బట్టలు ఉతికి, నూలు వడికి పిల్లల్ని సాకింది. ఆ బిడ్డను రాలీ ఉన్న వేక్ కౌంటీలో జేమ్స్ సెల్బీ అనే దర్జీకి 21 ఏళ్ల దాకా కట్టబెట్టారు. అన్న విలియం కూడా ఆ దర్జీ దగ్గరే. 1824లో అన్నదమ్ములిద్దరూ పారిపోయారు. పట్టిస్తే పది డాలర్లు ఇస్తానని సెల్బీ పత్రికలో ప్రకటన వేశాడు. ఆ కుర్రవాడు తరువాత లింకన్ హత్యతో 1865లో అమెరికా అధ్యక్షుడయ్యాడు. ఆయన రాజకీయాల గురించి, ముఖ్యంగా విముక్తులైన నల్లవాళ్ల పట్ల ఆయన వైఖరి గురించి చెప్పవలసిన కఠినమైన మాటలు చాలా ఉన్నాయి. ఇక్కడ నాకు కావలసింది ఒక్కటే. ఆ దర్జీ దుకాణంలో జాన్సన్ అక్షరాలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. దుకాణానికి వచ్చి పనివాళ్లకు పుస్తకాలు చదివి వినిపించే ఒక ఊరి మనిషి వల్ల ఆయనకు చదువు మీద మోజు పుట్టిందని జీవితచరిత్రలు చెబుతాయి. రాయడం బాగా వచ్చింది పెళ్లయ్యాక, భార్య ఎలైజా సాయంతో. చదవడం, రాయడం నేర్పిస్తానన్న వాక్యం ఒక ప్రసిద్ధుడి విషయంలో ఎంతవరకు నిలబడిందో దీన్ని బట్టి చెప్పవచ్చు. పేరు లేని మిగతా పిల్లల సంగతి ఊహించుకోవలసిందే.

1776 తరువాత రాజు పోయాడు. బాండులో రాజు పేరు ఉన్నచోట గవర్నర్ పేరు వచ్చింది. 1777లో పేదల పోషణ చర్చి చేతుల్లోంచి కౌంటీ చేతుల్లోకి వెళ్లింది. మిగతా వాక్యం మాత్రం మారలేదు. అదే బాకీ ఒప్పుదల, అదే షరతు. విప్లవం ఎంత లోతుకు దిగిందో తెలుసుకోవడానికి 1775లో రాసిన బాండునూ 1780లో రాసిన బాండునూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. పెళ్లి కాని తల్లికి, తండ్రి లేని బిడ్డకు ఆ విప్లవం వాకిట్లోనే ఆగిపోయింది.

ఆర్కైవ్స్ వర్గీకరణను నేను తప్పుపట్టను. కాగితాలను రకాల వారీగా సర్దకపోతే వెతకడం అసాధ్యం. పైగా దొరికినవాటి విలువ తెలియాలంటే పోయినవాటి సంగతి గుర్తు తెచ్చుకోవాలి. హర్ట్‌ఫర్డ్ కౌంటీ కోర్టు 1830లో ఒకసారి, అంతర్యుద్ధంలో 1862లో మరోసారి తగలబడింది. ఆ కౌంటీ తల్లుల పేర్లూ పిల్లల పేర్లూ చాలావరకు ఆ మంటల్లోనే పోయాయి. కాని చదివేవాళ్లం మనం ఆ వర్గీకరణ గీతల్ని దాటవచ్చు. ఒక కౌంటీ తీసుకుని, 1760ల బాస్టర్డీ బాండ్లలోని తల్లుల ఇంటిపేర్లను 1770ల అప్రెంటిస్ బాండ్లలోని పిల్లల ఇంటిపేర్లతో పోల్చవచ్చు. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు చాలావరకు తల్లి ఇంటిపేరే వచ్చేది గనుక ఆ దారి పూర్తిగా మూసుకుపోలేదు. రెండింటి మధ్యా కోర్టు మినిట్స్ పెట్టుకుంటే ఉత్తర్వు ఏ తేదీన అయింది, ఎవరు ఫిర్యాదు చేశారు, బిడ్డను ఎవరి దగ్గర నుంచి తెమ్మన్నారు అన్నది కొన్నిచోట్ల తెలుస్తుంది. ఇంటిపేరు ఒక్కటే రుజువు కాదు. జాగ్రత్తగా, అనుమానంగా చేయవలసిన పని ఇది. చేసినంత మేరకు ఒక తల్లీ ఒక బిడ్డా ఒకే పుట మీదికి వస్తారు.

కారిన్ జిఫ్ అనే చరిత్రకారిణి 2005లో అచ్చయిన తన పుస్తకంలో నార్త్ కెరొలైనా అప్రెంటిస్ పద్ధతిని 1715 నుంచి 1919 దాకా వెంబడించారు. ఒంటరి స్త్రీల నుంచి, నల్లజాతి కుటుంబాల నుంచి పిల్లల్ని తీసుకునే సాధనంగా ఆ పద్ధతి పనిచేసిందని ఆమె వాదన. బాస్టర్డీ బాండ్లను పక్కన పెట్టుకుని చదివినప్పుడు ఆ వాదన నాకు ఇంకా బలంగా కనిపిస్తుంది. తండ్రి అనే మగవాడు కాగితం మీద ఉన్నంతవరకు కోర్టుకు తల్లితో పనుంది. అతను చనిపోయాడా, పారిపోయాడా, బాండు తప్పాడా, ఇక కోర్టుకు బిడ్డతోనే పని.

1865లో బానిసత్వం రద్దయ్యాక అదే పాత చట్టం మళ్లీ పదునెక్కింది. విముక్తులైన నల్లవాళ్ల పిల్లల్ని కౌంటీ కోర్టులు పెద్ద సంఖ్యలో పాత యజమానులకే అప్రెంటిస్‌లుగా కట్టబెట్టాయి. ఆంబ్రోస్ అనే నల్లజాతి కుటుంబం దీన్ని ఎదిరించి పైకోర్టుకు వెళ్లింది. కట్టబెట్టే ముందు ఆ పిల్లలకు నోటీసు ఇవ్వాల్సిందని, అది లేకుండా చేసిన ఏర్పాటు చెల్లదని 1867లో నార్త్ కెరొలైనా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బిడ్డంటే కాగితంలో రాసుకునే పేరు మాత్రమే కాదని, పిలిచి వినవలసిన మనిషని ఆ కోర్టుల చరిత్రలో అంత స్పష్టంగా ఒప్పుకున్నది అప్పుడే. మరుసటి ఏడాది, 1868లో, కొత్త రాజ్యాంగం వచ్చి కోర్ట్ ఆఫ్ ప్లీస్ అండ్ క్వార్టర్ సెషన్స్‌నే రద్దు చేసింది. పిల్లల్ని కట్టబెట్టే పద్ధతి మాత్రం వేరే అధికారుల చేతుల్లో మరో యాభై ఏళ్లు సాగింది.